సంతకం అడుగుతారు, ఓటు అడగరు

ఈసారి పోస్టు కొంచెం పొడుగు. నీళ్ళు పెట్టి గట్టు మీద కూర్చున్నప్పుడు చదవండి. చదివాక తిట్టాలనిపిస్తే కింద తిట్టండి. కానీ మొత్తం చదివి తిట్టండి.

ముందు ఒక్క ప్రశ్న. మీ ఊళ్ళో గ్రామసభ పెట్టి, తీర్మానం చదివి వినిపించి, "ఒప్పుకునేవాళ్ళు చేతులెత్తండి, ఒప్పుకోనివాళ్ళు చేతులెత్తండి" అని తలకాయలు లెక్కపెట్టి రాసుకోవడం చివరిసారి ఎప్పుడు చూశారు? నేనైతే చూడలేదు. నేను చూసింది ఇంకోటి. మధ్యాహ్నం పూట ఒక కుర్రాడు పుస్తకం పట్టుకుని ఇంటికొస్తాడు. "బాబాయ్, మొన్న గ్రామసభ జరిగింది కదా, ఇక్కడొక సంతకం పెట్టు" అంటాడు. దేనికిరా అంటే, "ఏముంది బాబాయ్, మామూలే" అంటాడు. నేనూ పెట్టాను. చదవకుండానే పెట్టాను. ఊరి మేత పోరంబోకు వేరే పనికి ఇవ్వడానికి ఊరంతా ఒప్పుకున్నట్టు అందులో రాసుందని ఆర్నెల్ల తర్వాత తెలిసింది, గేదెలు తోలుకెళ్ళిన పిల్లాణ్ణి అక్కణ్ణించి వెనక్కి తరిమినప్పుడు. తప్పు సగం వాళ్ళది, సగం నాది. నా సగం ఒప్పుకుంటున్నాను కాబట్టే ఈ మాటలు రాసే హక్కు నాకుందనుకుంటున్నాను.

ఐదేళ్ళకోసారి మనకి ఒక బటన్ ఇస్తారు. ఆ ఒక్క బటన్‌లోనే అన్నీ నొక్కాలి. కరెంటు, పింఛను, రోడ్డు, ధాన్యం కొనుగోలు, భూమి చట్టం, కులం, కోపం, అన్నీ. ఆంధ్రలో భూహక్కుల చట్టం సంగతి చూడండి. అది మంచిదా చెడ్డదా అన్నది కాసేపు పక్కన పెట్టండి. చట్టం వచ్చింది, ఎన్నికల్లో దాని మీద నానా రభస జరిగింది, ప్రభుత్వం మారింది, 2024లో చట్టం రద్దయింది. అంటే ఒక్క చట్టం మీద రైతు అవుననో కాదనో చెప్పాలంటే మొత్తం ప్రభుత్వాన్నే ఉంచడమో దించడమో చెయ్యాలి. ఎద్దుకి గిట్ట నొప్పి చేస్తే ఎద్దునే అమ్ముకోవాలన్నట్టు లేదూ ఇది?

"మరి ఇంకో దారేముంది? ఎక్కడైనా ఇంతే" అంటారు కొందరు. ఎక్కడైనా ఇంతే కాదు. అది చెప్పడానికే ఈ పోస్టు.

మీ ఊరివాళ్ళ పిల్లలెవరైనా కాలిఫోర్నియాలో స్థిరపడి అక్కడి పౌరసత్వం తీసుకుని ఉంటే ఒకసారి అడగండి. ఎన్నికలప్పుడు వాళ్ళ ఇంటికి ఒక పుస్తకం వస్తుంది. ఫలానా చట్టం కావాలా వద్దా, ఫలానా పన్ను వెయ్యాలా వద్దా అన్న ప్రశ్నలు, వాటికి అటు వాదన, ఇటు వాదన అందులో అచ్చు వేసి ఉంటాయి. అభ్యర్థులకు వేసినట్టే ఆ ప్రశ్నలకూ విడివిడిగా ఓటు వెయ్యాలి. అమెరికాలో ఈ పద్ధతికి మొదట రాష్ట్రమంతటా చోటిచ్చింది దక్షిణ డకోటా, 1898లో. 1902లో ఒరెగాన్, 1911లో కాలిఫోర్నియా తెచ్చుకున్నాయి. ఇప్పుడు సుమారు సగం రాష్ట్రాల్లో ఏదో ఒక రూపంలో ఉంది. దీన్ని పట్టుబట్టి తెచ్చుకున్నవాళ్ళలో రైతులు ముందు వరసలో ఉన్నారు. రైలు కంపెనీలూ బ్యాంకులూ శాసనసభల్ని జేబులో పెట్టుకున్నాయని వాళ్ళ బాధ.

అందులో ఉత్తర డకోటా కథ మనకి బాగా అతుకుతుంది. పెద్ద రాష్ట్రమేమీ కాదు. ఇప్పటికీ ఎనిమిది లక్షల లోపు జనాభా. మన పెద్ద జిల్లా ఒకదానికి సరిపోదు. గోధుమ పండించే నేల, చలి దేశం. వంద పన్నెండేళ్ళ కిందట వాళ్ళ బాధేమిటో వినండి. పండించేది వాళ్ళు, గ్రేడు కట్టేది, కాటా వేసేది పక్క రాష్ట్రంలో మినియాపొలిస్ వ్యాపారులు. రైతు దగ్గర కొనేటప్పుడు మీది రెండో రకం, మూడో రకం, చెత్త ఉంది, తేమ ఉంది అని తరుగు తీసేవాళ్ళు. అదే గింజ గోదాము దాటి బయటికి వెళ్ళేటప్పుడు మొదటి రకమైపోయేది. లోపలికి వచ్చినదానికంటే ఎక్కువ మొదటి రకం గోధుమ గోదాము నుంచి బయటికి పోతోందని లెక్క తీస్తే తేలింది. మనకి కొత్తగా ఉందా ఈ మాట? కళ్ళంలో తేమ మిషను పెట్టి బస్తాకి ఇన్ని కేజీలు అని కోసేవాళ్ళని మనం చూడలేదా?

వాళ్ళు అడిగింది ఒకటే. రాష్ట్రమే ఒక పెద్ద ధాన్యం గోదాము కట్టాలి, కాటా మన చేతిలో ఉండాలి. అందుకు రాష్ట్ర రాజ్యాంగం సవరించాలంటే 1912లో ఓటు వేసి ఒప్పుకున్నారు. 1914లో మళ్ళీ అడిగితే మళ్ళీ ఒప్పుకున్నారు. 1915లో శాసనసభ మాత్రం కుదరదు పొమ్మంది. అప్పుడు ఒక సభ్యుడు రైతుల్ని "ఇళ్ళకు పోయి పందులకు కుడితి పెట్టుకోండి" అన్నాడని చెప్పుకుంటారు. అన్నాడో లేదో చరిత్ర రాసేవాళ్ళు ఇంకా వాదించుకుంటున్నారు. రైతులు మాత్రం అన్నాడనే నమ్మారు. ఎందుకు నమ్మరు? అంతకుముందు కూడా ఎవరూ వాళ్ళని వేరేగా చూసింది లేదు.

ఆ ఏడాదే టౌన్లీ అనే ఆయన, అవిసె వేసి ధర పడిపోయి నిలువునా మునిగిన రైతు, ఒక సంఘం పెట్టాడు. పేరు నాన్‌పార్టిజన్ లీగ్. ఏ పార్టీ మనిషివైనా సరే, మన ఐదు డిమాండ్లు ఒప్పుకుంటే మన ఓటు నీకు అన్నారు. రాష్ట్రం సొంత గోదాములు, పిండి మిల్లులు, ధాన్యానికి ప్రభుత్వ తనిఖీ, పొలంలో కట్టుకున్న వాటి మీద పన్ను మినహాయింపు, వడగళ్ళ బీమా, అసలు ఖర్చుకే అప్పిచ్చే బ్యాంకు. 1916లో లిన్ ఫ్రేజియర్ అనే రైతుని గవర్నర్‌ని చేశారు. 1919లో చట్టాలు చేసుకున్నారు. ఎదుటివాళ్ళు ఊరుకోలేదు. సంతకాలు సేకరించి ఏడు చట్టాల్ని జనం ఓటుకి లాగారు. 1919 జూన్‌లో ఓటు జరిగింది. ఏడిటికి ఏడూ నిలిచాయి. అలా పుట్టిందే బ్యాంక్ ఆఫ్ నార్త్ డకోటా. గ్రాండ్ ఫోర్క్స్‌లో రాష్ట్రం పిండి మిల్లు 1922లో మొదలైంది. వందేళ్ళు దాటాయి. ఆ బ్యాంకూ ఆ మిల్లూ ఇప్పటికీ నడుస్తున్నాయి, ఇప్పటికీ రాష్ట్రం సొత్తే.

ఇప్పుడు అసలు సంగతికి వస్తున్నాను, ఇక్కడ ఆగి చదవండి. 1921 నాటికి ధరలు కుప్పకూలాయి, ఊళ్ళలో బ్యాంకులు మూతపడ్డాయి, లీగ్ పరిపాలన మీద ఆరోపణలు వచ్చాయి. ఫ్రేజియర్‌ని మధ్యలోనే దించాలని ఓటు పెట్టారు. నాలుగు వేల పైచిలుకు ఓట్ల తేడాతో దించేశారు. పదవి మధ్యలో అలా ఓటుతో దిగిపోయిన మొట్టమొదటి అమెరికా గవర్నర్ ఆయనే. అదే రోజు, అదే ఓటర్లని, బ్యాంకూ మిల్లూ ఏర్పాట్లు కూడా ఎత్తేద్దామా అని కూడా అడిగారు. వద్దన్నారు. మనిషిని దించారు, బ్యాంకును ఉంచుకున్నారు.

మనకి ఆ వెసులుబాటు ఎప్పుడైనా దొరికిందా? మనిషి మీద కోపమొస్తే ఆయన పెట్టిన మంచి పథకం కూడా ఆయనతోనే పోతుంది. మనిషి మీద మోజు ఉంటే ఆయన తెచ్చిన చెడ్డ చట్టం కూడా నోరు మూసుకుని మింగాలి. తూర్పారబట్టేటప్పుడు గింజ వేరు, పొట్టు వేరు చేసే మనకి, ఓటు దగ్గర మాత్రం రెండూ కలిపే మూట కట్టిస్తున్నారు.

ఆ కథ అక్కడితో అయిపోలేదు. కరువు రోజుల్లో అప్పులు కట్టలేక రైతుల భూములు బ్యాంకులకీ బీమా కంపెనీలకీ పోతుంటే, 1932లో మళ్ళీ వాళ్ళే ఓటు పెట్టుకుని ఒక చట్టం చేసుకున్నారు. కంపెనీలు వ్యవసాయం చెయ్యకూడదు, సాగు భూమి ఉన్న కంపెనీలు పదేళ్ళలో అమ్ముకుని బయటికి పోవాలి. అది అమెరికా సుప్రీంకోర్టు దాకా వెళ్ళింది. 1945లో కోర్టు ఆ చట్టాన్ని నిలబెట్టింది. 1981లో దగ్గరి బంధువులు కలిసి పెట్టుకునే కుటుంబ కంపెనీలకు సడలింపు ఇచ్చారు. 2015లో శాసనసభ ఇంకో సడలింపు తెచ్చింది. పాడి, పందుల పెంపకానికైతే 640 ఎకరాల దాకా బయటి కంపెనీలూ పెట్టుకోవచ్చు అంది. రైతు సంఘం సంతకాలకి దిగింది. కావాల్సినవి 13,452. అంతకంటే చాలా ఎక్కువ తెచ్చి పెట్టారు. సంతకాలు దాఖలయ్యాయంటే ఓటు జరిగేదాకా ఆ చట్టం ఆగిపోవాల్సిందే, అది అక్కడి పద్ధతి. 2016 జూన్ 14న ఓటు. నూటికి 75 మందికి పైగా వద్దన్నారు. చట్టం పోయింది. ఎవరి ప్రభుత్వమూ పడిపోలేదు. ఎవరూ రోడ్డు మీద ఏడాది పాటు పడుకోలేదు.

మన దగ్గర మూడు సాగు చట్టాలు 2020 జూన్‌లో ఆర్డినెన్సులుగా వచ్చాయి. సెప్టెంబరులో రాజ్యసభలో మూజువాణి ఓటుతో గట్టెక్కాయి. వాటిని వెనక్కి తీయించడానికి ఢిల్లీ పొలిమేరల్లో చలికీ ఎండకీ వానకీ ఏడాదికి పైగా కూర్చోవాల్సి వచ్చింది. ఎందరో ఇళ్ళకు తిరిగి రాలేదు. ఆ చట్టాలు మీకు నచ్చాయా లేదా అన్నది నేనడగడం లేదు. మిమ్మల్ని ఎవరైనా అడిగారా అని అడుగుతున్నాను.

ఇక ఎదురు మాటలకు వద్దాం. నేను వకాల్తా పుచ్చుకున్నానని ఒకవైపే చెబితే మీరు నమ్మకూడదు కూడా.

మొదటి మాట, జనం ఓటు వేసినంత మాత్రాన న్యాయం అయిపోదు. నిజం. 1920లో కాలిఫోర్నియాలో పరాయి దేశస్థుల భూమి మీద ఒక చట్టాన్ని ఓటుకి పెట్టారు. పౌరసత్వానికి అర్హత లేని ఆసియావాళ్ళు సాగు భూమి కొనకూడదు, కౌలుకి కూడా తీసుకోకూడదు అని. గురి జపాన్ రైతుల మీద. నూటికి 75 మంది దాకా అవునన్నారు. 1923లో భగత్ సింగ్ థింద్ కేసులో సుప్రీంకోర్టు భారతీయులకీ పౌరసత్వం కుదరదని తేల్చేసరికి ఆ దెబ్బ మన పంజాబీ రైతుల మీదా పడింది. చెమటోడ్చి బాగుచేసిన నేలని తెల్లవాళ్ళ పేర్న పెట్టుకుని సాగు చేసుకున్నవాళ్ళున్నారు. నమ్మినవాడు నిలబడితే సరి, లేకపోతే నేల గోవిందా. ఆ చట్టాన్ని మళ్ళీ ఓటుతోనే 1956లో తీసేశారు. ముప్ఫై ఆరేళ్ళు పట్టింది. కాబట్టి ఒకరి కులం, మతం, పుట్టుక మీద, ఒకరి బతుకు హక్కు మీద ఓటు పెట్టకూడదు. నా పొలంలోకి దారి ఉండాలా వద్దా అన్నది ఊరి మెజారిటీ తేల్చే విషయం కాదు. ఎస్సీ కాలనీకి నీళ్ళివ్వాలా వద్దా అన్నది అసలే కాదు.

రెండో మాట, డబ్బున్నవాడు ఓటు కూడా కొంటాడు. ఇదీ నిజమే. 2020లో అదే కాలిఫోర్నియాలో ఊబర్ లాంటి కంపెనీలు తమ డ్రైవర్లని ఉద్యోగులుగా చూడక్కర్లేదనే ప్రశ్న మీద 20 కోట్ల డాలర్లకు పైగా ఖర్చుపెట్టి గెలిచాయి. కానీ ఒక్కటి అడుగుతాను. ఇప్పుడు మన ఎన్నికల్లో డబ్బు పంచకుండా ఉన్నారా? అక్కడ ఎవరు ఎంత ఖర్చుపెట్టారో లెక్క బయట పెట్టాలి కాబట్టే ఆ సంఖ్య నాకు తెలిసింది. మన ఊళ్ళో కవరు ఎవరిచ్చారో ఊరంతటికీ తెలుసు, కాగితం మీద మాత్రం ఎక్కడా ఉండదు.

మూడో మాట, ఒకసారి గెలిస్తే అయిపోతుందా? అవదు. దక్షిణ డకోటాలో 1998లో, నెబ్రాస్కాలో 1982లో కంపెనీ వ్యవసాయం వద్దని జనం ఓటు వేసి రాజ్యాంగంలో పెట్టుకున్నారు. 2003లో ఒకటి, 2006లో ఇంకోటి కోర్టులు కొట్టేశాయి. ఉత్తర డకోటాలోనూ 2016లో జనం వద్దన్నదాని వంటి సడలింపునే 2023లో శాసనసభ పశుపోషణకి మళ్ళీ తెచ్చింది. కలుపు ఒకసారి తీస్తే మళ్ళీ మొలవదా? మొలుస్తుంది కదా అని తియ్యడం మానేస్తామా?

నాలుగో మాట నాకు ఒళ్ళు మండించేది. "మనవాళ్ళకి అంత తెలివెక్కడిది, చదువెక్కడిది" అంటారు. అనేది పట్నం వాళ్ళే అయితే పోనీ అనుకోవచ్చు, మనలో మనమే అనుకుంటున్నాం. వినండి.

1967 జనవరి 16న గోవాలో ఓటు పెట్టారు. మహారాష్ట్రలో కలవాలా, విడిగా కేంద్రపాలిత ప్రాంతంగా ఉండాలా అని. చదువు రానివాళ్ళకోసం కలవాలంటే పువ్వు గుర్తు, విడిగా ఉండాలంటే రెండాకుల గుర్తు. 34 వేల ఓట్ల తేడాతో రెండాకులు గెలిచాయి. ఓటుకి కొద్ది వారాల ముందు దాకా గోవాలో అధికారంలో ఉన్నది కలవాలనే పార్టీ. జనం తీర్పు దానికి ఎదురొచ్చింది. కొద్ది నెలలకే అసెంబ్లీ ఎన్నికలొస్తే అదే పార్టీని మళ్ళీ గెలిపించారు. పార్టీ వేరు, ప్రశ్న వేరు అని వాళ్ళకి తెలిసింది. ఎవరు నేర్పారు వాళ్ళకి?

మహారాష్ట్ర పల్లెల్లో సారా కొట్టు ఉండాలా వద్దా అని ఆడవాళ్ళకి ఓటు పెట్టే పద్ధతి ఉంది. బ్యాలెట్ మీద నిలబడిన సీసా ఒకటి, పడుకున్న సీసా ఒకటి. ఊళ్ళో ఉన్న ఆడ ఓటర్లలో సగానికి మించి పడుకున్న సీసాకి వేస్తే కొట్టు మూయాల్సిందే. మన దగ్గరో? 1990ల మొదట్లో నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్ళు మొదలుపెట్టిన పోరాటం రాష్ట్రమంతా పాకి 1995లో మద్యనిషేధం దాకా వెళ్ళింది. 1997లో దాన్ని ఎత్తేసేటప్పుడు ఆ ఆడవాళ్ళని ఒక్క మాట అడిగినవాళ్ళు లేరు.

అన్నిటికంటే పెద్దది మన పక్కనే, ఒడిశాలో. నియమగిరి కొండల్లో బాక్సైట్ తవ్వాలా వద్దా అన్నది గ్రామసభలే తేల్చాలని 2013 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు చెప్పింది. ఆ ఎండాకాలం పోయాక పన్నెండు పల్లెల్లో సభలు జరిగాయి. డోంగ్రియా కోందులు, మిగతా ఊళ్ళవాళ్ళు ఒక్కొక్కరే లేచి మాట్లాడారు. పన్నెండుకి పన్నెండూ వద్దన్నాయి. గని ఆగిపోయింది. అక్షరం రాని అవ్వకి ఉన్న తెలివి మనకి లేదంటారా? ఉంది. ఆమె సభకి వెళ్ళింది, మనం సంతకం ఇంటి దగ్గరే పెట్టాం. తేడా అంతే.

2013 భూసేకరణ చట్టంలో మనకి ఒక చిన్న ఓటు దొరికింది. ప్రైవేటు కంపెనీ కోసమైతే ప్రభావిత కుటుంబాల్లో నూటికి 80, ప్రభుత్వం ప్రైవేటు కలిసి చేసేదైతే 70 ముందే ఒప్పుకోవాలి. అది వచ్చి ఏడాది తిరక్కుండానే, 2014 డిసెంబరులో, ఆర్డినెన్సు పెట్టి చాలా వాటికి ఆ సమ్మతి అక్కర్లేదన్నారు. గొడవైతే 2015లో వదిలేశారు. తర్వాత మన రెండు తెలుగు రాష్ట్రాలు సహా కొన్ని రాష్ట్రాలు, కొన్ని రకాల ప్రాజెక్టులకు సామాజిక ప్రభావ అంచనా లేకుండానే పని కానిచ్చుకునేలా సవరణలు చేసుకున్నాయి. అధికారంలో ఏ రంగు జెండా ఉన్నా ఈ విషయంలో అందరూ అన్నదమ్ములే. మీ పార్టీ మీకు ముద్దు, కాదనను. కానీ ఈ ముక్క మీ నాయకుణ్ణి అడిగి చూడండి, ఏం చెబుతాడో.

మరి ఏం చెయ్యాలి? రాష్ట్ర చట్టం మీద జనం ఓటు అడిగే దారి ఇప్పుడు మన రాజ్యాంగంలో లేదు. రేపే వచ్చేస్తుందని అబద్ధం చెప్పను. కానీ అడగడం మొదలుపెట్టాలి. నేను అడిగేవి ఇవి.

ఒకటి, ఊరి భూమి, చెరువు, డొంక, మేత పోరంబోకు విషయంలో చేతులెత్తడం కాదు, పెట్టె పెట్టి రహస్య ఓటు జరగాలి. చేతులెత్తమంటే అప్పిచ్చినవాడి కళ్ళ ముందు ఎవరు ఎత్తుతారు?

రెండు, ఆ ఓటు పట్టాదారుకే కాదు, కౌలు రైతుకీ, కూలికీ, ఇంటి ఆడవాళ్ళకీ ఉండాలి. భూమి పోతే ముందు పోయేది కౌలువాడి పొయ్యి.

మూడు, ప్రశ్న తేట తెలుగులో ఉండాలి. నోటిఫికేషన్ భాషలో కాదు.

నాలుగు, సాగు భూమి మీద ఏ కొత్త చట్టమొచ్చినా కొన్నాళ్ళు ఆగాలి. ఈలోపు ఇంతమంది రైతులు సంతకాలు పెడితే జనం ఓటు జరిగాకే అమలు కావాలి.

ఇవి వచ్చేదాకా చేతిలో ఉన్నది గ్రామసభ. నాలుగు వందల ఇళ్ళ ఊళ్ళో ముప్ఫై మంది వస్తే అది సభ కాదు, పెళ్ళిలో ఫొటో. వచ్చే సభకి వెళ్ళండి. ఎజెండా ముందే అడగండి. తీర్మానం గట్టిగా చదవమనండి. చదివాక, దాని కిందే, అక్కడే సంతకం పెట్టండి. ఒప్పుకోకపోతే ఒప్పుకోలేదని రాసి పెట్టండి, ఫొటో తీసుకోండి. ఇంటికొచ్చిన పుస్తకంలో మాత్రం పెట్టకండి. తెచ్చిన కుర్రాణ్ణి తిట్టకండి, వాడు మన పిల్లాడే. కూర్చోబెట్టి మజ్జిగ ఇచ్చి, "సభలో చదవమను, అక్కడే పెడతాను" అని చెప్పి పంపండి.

మొన్న మళ్ళీ వచ్చాడు మా వాడు. ఈసారి అలాగే చెప్పి పంపాను. సభ ఎప్పుడో కనుక్కుని చెబుతానన్నాడు. ఎదురు చూస్తున్నాను.

మీ ఊళ్ళో తీర్మానం ఓటు పెట్టి తేల్చిన సంగతి ఎప్పుడైనా ఉంటే కింద రాయండి. నలుగురికీ ధైర్యం వస్తుంది.